నూట పన్నెండు పనిముట్లు

మార్చి నెల, ఉదయం తొమ్మిదిన్నర. విల్ట్‌షైర్ మైదానంలో కొత్త విమానాలు పరీక్షించే చోటు. హ్యాంగరు పక్కన పనిముట్ల గదిలో పైలట్ హ్యూ భార్య హెస్టర్ లాంగ్‌మీడ్, మెకానిక్కుల పెద్ద రూబెన్ స్కామెల్.

"వద్దంటే వద్దు అమ్మగారూ. ఇంకోసారి అడక్కండి. అసలు మీరిక్కడికి రావడమే తప్పు. గేటు దగ్గర ఎలా వదిలారు మిమ్మల్ని?"

"హ్యూ సాండ్‌విచ్‌లు మర్చిపోయాడని చెప్పాను."

"మర్చిపోయారా?"

"లేదు. నేనే ఆయన సంచిలోంచి తీసేశాను."

"బాగుంది వరస! ఒక అబద్ధం చెప్పి లోపలికొచ్చారు, ఇప్పుడు నన్ను ఇంకో అబద్ధం రాయమంటున్నారు."

"ఒక్క గీత, రూబెన్ గారూ. ఆ విమానం తనిఖీ పుస్తకంలో ఒకే ఒక్క ఎర్ర గీత. అది మీరు గీస్తే విమానం కదలదని హ్యూయే చెప్పాడు. మంత్రి వచ్చి నిలబడినా కదలదట కదా?"

"కదలదు. అందుకే ఊరికే గియ్యను. లోపం ఉంటే గీస్తా. మా దొరసానికి ఇవాళ ఏ లోపమూ లేదు. తెల్లారి ఐదింటి నుంచి చూస్తున్నాను, చక్రాల బ్రేకులు కూడా మార్చేశాం."

"దొరసాని! మీ అందరికీ దొరసాని. నాకు మాత్రం సవతి."

"అయ్యో, ఆ పెట్టె మీద కూర్చోకండి, గ్రీజుంది. ఇదిగో స్టూలు. ఏంటమ్మా అలా వణికిపోతున్నారు? ఆ మేకుకి మీ కెప్టెన్ గారి కోటుంది, వేసుకోండి. పొద్దున ఇక్కడే వదిలేసి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళారు."

"అబ్బ, ఏం బరువుందీ కోటు! జేబులో ఏదో మోకాలికి తగుల్తోంది."

"పొగాకు డబ్బా అయ్యుంటుంది. వానలో తడిసింది కూడానూ, బరువు ఉండదా మరి. టీ పొయ్యనా?"

"నాకు టీ వద్దు."

"వేడిగా ఉంది, తాగండి. నిన్న ఆ టొమాటోల రైతు మళ్ళీ వచ్చాడు తెలుసా? మన విమానం ధ్వని వేగాన్ని దాటిన ప్రతిసారీ ఆ మోతకి వాడి అద్దాల షెడ్డు పగుల్తోందట. 'ఎన్ని పగిలాయిరా' అంటే నలభై అన్నాడు. వాడి షెడ్డుకి ఉన్నవే ముప్పై! ఆదివారం చర్చిలో నా వంక చూడటం మానేశాడు."

"మాట మార్చకండి రూబెన్ గారూ."

"మార్చట్లేదు, టీ పోస్తున్నాను."

"ఆయనకి ఎడమ కన్ను కనిపించట్లేదు. విన్నారా? కప్పు నిండి టీ పొర్లిపోతోంది, చూసుకోండి."

"ఏమన్నారు?"

"హ్యూకి ఎడమ కన్ను సరిగ్గా కనిపించట్లేదు. క్రిస్మస్ నుంచి. మొదట మసక అన్నాడు. ఇప్పుడు నేను ఎడమ పక్కన నిలబడితే, మాట్లాడేదాకా నేనున్నానని తెలియట్లేదు. నిన్న నా కప్పులో టీ పోస్తూ, మీకిప్పుడు అయినట్టే, బల్లంతా పోశాడు. పోసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం బల్ల తుడుచుకున్నాం. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు."

"జనవరిలో డాక్టర్లు చూశారుగా! చూసి, బ్రహ్మాండంగా ఉన్నారని కాగితం ఇచ్చారు. నేను చదివాను ఆ కాగితం."

"చూశారు. గోడ మీద అక్షరాల అట్ట ఉంటుంది కదా, అది చదవమంటారు. ఎడమ కంటితో ఆయన గడగడా చదివేశాడు."

"మరింకేం?"

"ఆ అట్ట నేను బట్టీ పట్టించాను."

"మీరా!"

"పెళ్ళికి ముందు నేను సైన్యం ఆసుపత్రిలో కళ్ళ వార్డు నర్సుని. ఆ అట్టలు నాకు కంఠతా వచ్చు. వారం రోజులు, వంటింట్లో, నేను గిన్నెలు కడుగుతుంటే ఆయన పక్కన నిలబడి అప్పజెప్పాడు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. అప్పుడు ఆయనకి సాయం చేస్తున్నాననుకున్నాను. ఎగరకపోతే బతకలేడనుకున్నాను. ఎంత బుద్ధిలేని పని చేశానో చూడండి."

"అమ్మగారూ, ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది."

"మీకు కాక ఎవరికి చెప్పను? పై వాళ్ళకి చెప్తే ఆయన లైసెన్సు పీకేస్తారు. అబద్ధంతో ఎగిరాడని పేపర్లో వేస్తారు. ఆ మాట ఆయన భరించలేడు."

"పోనీ, ఇవాళ్టికి ఒంట్లో బాలేదని ఆయన్నే చెప్పమనండి. జలుబనండి, కడుపునొప్పనండి. ఎవరు కాదంటారు?"

"చెప్తే ఏమవుతుంది?"

"రెండో పైలట్ ఉన్నాడుగా. డెస్మండ్."

"ఎన్నిసార్లు దించాడు దాన్ని డెస్మండ్?"

"రెండుసార్లు."

"వయసెంత?"

"ఇరవై ఆరు. మొన్నే నిశ్చితార్థం అయింది. సీట్లోకి దూకడానికి కాళ్ళు గాల్లోనే ఉన్నాయి వాడికి."

"అందుకే హ్యూ జలుబని చెప్పడు. చచ్చినా చెప్పడు. అర్థమైందా? మనిషికి బాలేదంటే ఇంకో మనిషిని ఎక్కిస్తారు. విమానానికి బాలేదంటేనే ఇద్దరూ నేల మీద ఉంటారు."

"ఇవాళ ఆపితే రేపు ఎగరమంటారు కదమ్మా. దానికేం చేస్తారు?"

"రేపు లేదు. మీకు తెలియనట్టు మాట్లాడతారేం? సాయంత్రం ఐదింటికి ఆ రికార్డు వేగం కొలిచేవాళ్ళు కెమెరాలు సర్దుకుని లండన్ వెళ్ళిపోతారు. వచ్చే వారం మీ దొరసాని రెక్కలు కోసేస్తారు."

"కొయ్యడం కాదు, మారుస్తారు. జనాన్ని ఎక్కించుకుని ధ్వని కంటే వేగంగా పోయే విమానం కడతారట. దానికి ఎలాంటి రెక్క కావాలో దీని మీదే చూస్తారు. ఏడాది పైన పడుతుంది."

"ఆ ఏడాదిలో హ్యూకి నలభై రెండు నిండుతాయి, వయసు మీరిందని ఎగరడం మాన్పిస్తారు, పరువుగా ఇంటికొస్తాడు. నాకు ఇవాళ ఒక్క రోజు గడిస్తే చాలు. ఒక్క రోజు, రూబెన్ గారూ!"

"ఐదేళ్ళమ్మా. కాగితం మీద పెన్సిలు గీతగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను దాన్ని. తోక లేదు, అన్నిటిలా పక్కలకి చాచిన రెక్కల్లేవు, వట్టి త్రికోణం. 'ఇది ఎగిరితే నా టోపీ తింటాను' అన్నాడు మా తోటి ఫిట్టరు. ఎగిరింది. ఇవాళ లోకంలో ఏ మనిషీ పోనంత వేగంగా పోబోతోంది. ఆ కుర్రాళ్ళు రాత్రీ పగలూ చాకిరీ చేశారు. నేను ఒక్క గీతతో..."

"అవును. ఒక్క గీతతో."

"నా చెయ్యి రాదమ్మా."

"ఎందుకు రాదు? పుణ్యం వస్తుంది!"

"ఎందుకో చెప్తాను. చెప్పాక మీరు నన్ను తిట్టుకుంటూ పోవచ్చు. మొన్న కాక అటు మొన్నటి నవంబరు గుర్తుందా?"

"అదెలా మర్చిపోతాను? ముప్పై వేల అడుగుల ఎత్తులో ఇంజను ఆగిపోయింది."

"ఆగిపోయింది. దూకెయ్యమని రేడియోలో అరుస్తున్నాం. దూకలేదు. లోకంలో ఉన్నది ఇదొక్కటే, దీన్ని పారేస్తే అన్నేళ్ళ పని మట్టిలో కలుస్తుందని, ఇంజను లేకుండా రాయిలా తీసుకొచ్చారు. దింపేటప్పుడు ఈ విమానం ముక్కు కిందికి వంగాలి, వంగితేనే పైలట్‌కి నేల కనిపిస్తుంది. ఇంజను లేకపోతే దాన్ని వంచే బలం ఉండదు. ముక్కు వంగలేదు. నేల కనిపించకుండానే దింపారు. దిగి, ఎగిరిపడి, తల అద్దానికి కొట్టుకుంది."

"ఎడమ పక్క."

"ఎడమ పక్క. ఆ ఇంజను ఎందుకు ఆగిందో తెలుసా?"

"ఇంధనం సంచి ముడుచుకుపోయిందన్నారు. డిజైను తప్పన్నారు."

"విచారణలో అలా తేల్చారు. ఆ సంచిలోకి గాలి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. ఆ పొద్దున అది నాకు ఇరుగ్గా అనిపించింది. వేలు పెట్టి చూశాను, సందేహంగానే ఉంది. ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను కూడా. బయట కంపెనీ పెద్దలు, ప్రభుత్వం వాళ్ళు గడియారాలు చూసుకుంటూ నిలబడ్డారు. 'ఏం రూబెన్, అయిందా?' అన్నారు. అయిందన్నాను. పెన్సిలు జేబులో పెట్టుకున్నాను."

"మీరు..."

"నేనే. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా."

"అంటే ఆ కన్ను..."

"అనండి. అనేసెయ్యండి."

"ఏడాది పైగా మా ఇంటికొచ్చి నా చేత్తో చేసిన కేకు తిన్నారు మీరు!"

"తిన్నాను. ఆ నవంబరులోనే ఒట్టేసుకున్నానమ్మా. ఇక ఆ పుస్తకంలో ఉన్నది లేదనీ రాయను, లేనిది ఉందనీ రాయను. ఆ ఒట్టు ఒక్కటే నన్ను పొద్దున్నే మంచం మీద నుంచి లేపుతోంది. అది కూడా మీరు లాక్కుంటే నా దగ్గర ఏమీ మిగలదు."

"మీ ఒట్టు మీకు ముద్దు. నా మొగుడు నాకు ముద్దు. అప్పుడు గియ్యాల్సిన గీత గియ్యలేదు, ఆ గీత ఆయనకి బాకీ ఉన్నారు. ఇవాళ గియ్యండి."

"అమ్మగారూ..."

"గియ్యండీ!"

"మెల్లగా. హ్యాంగరులో వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి. అందరూ రానివ్వండి."

"చూడండి, మీరు ఆయన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. కన్ను ఒకటైనా దింపుతారు ఆయన. ఇంజను లేకుండా దింపిన మనిషి! భయమంటే ఏంటో తెలీదు ఆయనకి."

"అందరూ అదే అంటారు."

"నిజమే కాబట్టి అంటారు. పొద్దున ఇక్కడికొచ్చి టీ తాగి, జోకులేసి వెళ్ళారు. నేను పక్కన నిలబడి చూశాను కదా, చెయ్యి కూడా వణకలేదు."

"నా దగ్గరా వణకదు. పన్నెండేళ్ళయింది పెళ్ళయి, ఒక్కసారి కూడా భయంగా ఉందనలేదు. ఒక్కసారి అంటే నేను ఆ అట్ట బట్టీ పట్టించేదాన్ని కాదు. నేనేమైనా అంటానని ఆయన అనడు, ఆయన బాధపడతాడని నేను అనను. ఇప్పుడు నేనిలా వచ్చానని తెలిస్తే నా మొహం చూడడు. దొంగతనం చేసినట్టే ఉంది నాకు."

"ఆగండి, ఫోను. ...హలో, పనిముట్ల గది. ఆఁ, రూబెన్‌నే. అయిపోయింది సార్, మూతలన్నీ వేసేశాం. సంతకం ఒక్కటే. లెక్క చూసుకుని పెట్టేస్తాను. పది నిమిషాలు. కెప్టెన్ గారు బట్టలు వేసుకున్నారా? సరే సార్. సరే. గాలి పడమర నుంచా? మంచిదే. ఉంటాను."

"పది నిమిషాలా?"

"పది నిమిషాలు. లేవండమ్మా, ఇంటికెళ్ళండి. సాయంత్రం నేనే స్వయంగా ఆయన్ని మీ గుమ్మం దాకా తెచ్చి దింపుతాను."

"లెక్క అన్నారు. ఏం లెక్క?"

"ఇదిగో, ఈ గోడ. ప్రతి పనిముట్టుకీ వెనక తెల్లరంగుతో దాని బొమ్మ వేసి ఉంది, చూడండి. సుత్తికి సుత్తి బొమ్మ, పానాకి పానా బొమ్మ. పని అయ్యాక ఏదైనా పెట్టకపోతే ఆ తెల్ల బొమ్మ కనిపిస్తుంది. నూట పన్నెండు. అన్నీ ఉంటేనే నేను సంతకం పెట్టేది."

"ఒకటి తగ్గితే?"

"దొరికేదాకా విమానం కదలదు. ఎక్కడో లోపల మర్చిపోయి ఉండొచ్చు కదా. యుద్ధంలో ఒక స్క్రూడ్రైవరు మర్చిపోయి నలుగురు కుర్రాళ్ళు పోయారు, నా కళ్ళారా చూశాను. అందుకని మూతలన్నీ మళ్ళీ ఊడదీసి అంగుళం అంగుళం వెతకాలి. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో రెండుసార్లే తగ్గింది. ఒక్కోసారీ రోజంతా పట్టింది."

"రోజంతా."

"ఆ చూపేంటమ్మా? నా వైపు తిరగండి. గోడ వైపు చూడకండి. ఇలా పక్కకి జరగండి, లెక్కపెట్టుకోనివ్వండి. పది, ఇరవై, ముప్పై... ఈ వరసలో బ్రేకు పనివి, అన్నీ ఉన్నాయి. అరవై. డెబ్బై. ఎనభై నాలుగు. తొంభై... నూట ఐదు, ఆరు, ఏడు..."

"ఏమైంది?"

"నూట పదకొండు."

"మళ్ళీ లెక్కపెట్టండి."

"అక్కర్లేదు. తెల్ల బొమ్మ కనిపిస్తూనే ఉంది. పైవరస, చివర. ఇంజను పానా."

"అయితే లోపల మర్చిపోయారేమో!"

"ఇవాళ ఇంజను మూత ఎవరూ తెరవలేదమ్మా. ఆ పానా ఎవరూ ముట్టుకోలేదు. ఏడింటికి నేను చూసినప్పుడు అక్కడే ఉంది."

"మరి?"

"ఇచ్చెయ్యండి."

"ఏం ఇవ్వాలి?"

"ఇందాక నేను అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాను. ఇచ్చెయ్యండమ్మా. మీ మీద కోపం లేదు. మీ చోట మా ఆవిడ ఉన్నా ఇదే చేసేది. ఇచ్చేస్తే మేకుకి తగిలిస్తాను, ఎవరికీ తెలీదు."

"నేను తియ్యలేదు!"

"అమ్మగారూ."

"దేవుడి మీద ఒట్టు, తియ్యలేదు. తియ్యాలని అనిపించింది, ఒప్పుకుంటాను. మీరు చెప్తున్నప్పుడే అనిపించింది. కానీ అప్పటికి ఫోను పెట్టేశారు కదా! ఆ లెక్క సంగతి మీరు చెప్పిందే ఫోను అయ్యాక. ఇదిగో సంచి, చూడండి, బోర్లిస్తున్నాను. చేతి రుమాలు, తాళాలు, సాండ్‌విచ్‌లు, కళ్ళ డాక్టరు కార్డు. ఇదీ నా దొంగతనం. ఇంకేమైనా ఉందా?"

"లేదు. క్షమించండి. తొందరపడ్డాను."

"ఏడింటి తర్వాత ఇంకెవరు వచ్చారు ఇక్కడికి?"

"ఎవరూ రాలేదు. నా ఇద్దరు మనుషులు బ్రేకుల దగ్గరే ఉన్నారు, తాళం చెవి నా మొలకే ఉంది. ఎవరూ రాలేదు, కెప్టెన్ గారు తప్ప."

"హ్యూ వచ్చి ఏం చేశాడు?"

"చెప్పాగా, టీ తాగారు. జోకులేశారు."

"ఏం జోకు?"

"ఏదో లెండి."

"ఏం జోకు, రూబెన్ గారూ?"

"అదే... ఆ గోడ దగ్గర నిలబడి, వీపు నావైపు పెట్టి, 'రూబెన్, ఇందులో ఒకటి తగ్గితే నిజంగానే ఆపేస్తావా? లోకంలోకెల్లా వేగమైన విమానాన్ని? మంత్రిగారు బతిమాలినా?' అన్నారు. 'మంత్రిగారి తాత బతిమాలినా ఆపేస్తాను' అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"నవ్వారు. 'నువ్వున్నావు, చాలు రూబెన్' అన్నారు. అని, నేను కేటిల్‌లో నీళ్ళు పడుతుంటే, కోటు విప్పి ఆ మేకుకి తగిలించి వెళ్ళారు. బయట వాన పడుతోంది కదా, తడుస్తారు సార్, కోటు వేసుకోండి అంటే..."

"అంటే?"

"'ఉండనీ, దాన్ని నువ్వు చూస్తూ ఉండు' అన్నారు."

"రూబెన్ గారూ."

"ఏంటమ్మా?"

"ఈ జేబులో తగుల్తున్నది పొగాకు డబ్బా కాదు. పొడుగ్గా ఉంది. చల్లగా ఉంది. హ్యూ చేతి రుమాలు చుట్టి ఉంది దీనికి. ఎంత భయపడ్డాడో చూడండి, రూబెన్ గారూ. నా హ్యూ! నాతో ఒక్క మాట... ఆగండి, తీస్తున్నాను, మీరే చూడండి."

"తియ్యకండి! చెయ్యి అలాగే ఉంచి, కోటు బొత్తాలు పెట్టుకుని, ఇంటికి పదండి. పానా కనిపించట్లేదని పుస్తకంలో నిజం రాసుకోవాలి నేను. అది నా కంట పడిందంటే ఆయన ఎగరాల్సిందే."